కాలిన నేల మీద మొదటి పనివాళ్లు

1883 ఆగస్టు 27న జావా, సుమత్రా దీవుల నడుమ ఉన్న క్రకటోవా అగ్నిపర్వతం పేలింది. దీవిలో మూడింట రెండు వంతులు సముద్రంలో కలిసిపోయింది. లేచిన అలల్లో 36 వేల మందికి పైగా చనిపోయారు. మిగిలిన ముక్క మీద పదుల మీటర్ల మందాన బూడిద పడ్డది. పచ్చని ఆకు అన్నదే లేకుండా పోయింది.

తొమ్మిది నెలలకు, 1884 మే నెలలో, కొత్తో అనే ఫ్రెంచి ఆయన అక్కడ దిగి వెతికితే ఒక్క ప్రాణి కనబడ్డది. చిన్న సాలెపురుగు, గూడు అల్లుకుంటూ ఉన్నది. ఈ సంగతి చెప్తే మా వాడకట్టులో అందరూ నవ్విండ్రు, “చూసినవా, అక్కడికి కూడా ముందు నేతపనోడే పోయిండు” అని. కానీ ఆ గూట్లో పడటానికి ఈగ లేదు. ఒక్క నేతగాడితో ఊరు నిలబడదు కదా.

1886లో ట్రూబ్ అనే డచ్చి వృక్షశాస్త్రవేత్త పోయి చూసిండు. బూడిద మీద జిగటగా, పల్చగా ఒక పొర పరుచుకొని ఉన్నది. అది నీలి ఆకుపచ్చ నాచు. మన మోరీ దగ్గర కాలు జారించే పాకుడులో కూడా ఉంటది ఈ జాతి. దాని మీదనే ఫెర్న్ మొక్కలు లేచినయి. పాత బావి గోడల్లో మొలుస్తయి చూడండి, అటువంటివి. అవి 11 రకాలు లెక్కకు వచ్చినయి.

నాచు చేసిన పని ఏంది? కొత్త బూడిదలో, లావాలో ఇనుము, సున్నం, పొటాష్ ఉంటయి. నత్రజని మాత్రం దాదాపు ఉండదు. అది లేక ఆకు పెరగదు. గాలిలో 78 శాతం నత్రజనే, అయినా మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదు. గోదాములో దూది బేళ్లు కప్పు దాకా ఉన్నా, నూలు కానిదే సాంచా మీద గజం గుడ్డ దిగదు. ఇదీ అంతే. ఆ దూదిని నూలు చేసే స్పిన్నింగ్ ఖాతా ఈ నాచే.

పేరుకు నాచు గానీ నిజానికి ఇది బాక్టీరియా జాతి. కొన్ని రకాలలో కణాలు పూసలదండలాగా వరసగా ఉంటయి. సుమారు పది పదిహేను కణాలకు ఒకటి గోడ మందం చేసుకొని, ఆక్సిజన్‌ను బయట ఆపి, నత్రజని పట్టే పనిలో దిగుతది. ఆక్సిజన్ తగిలితే ఆ పని చెడిపోతది. ఆ కణం ఇక తన తిండి తాను చేసుకోలేదు, పిల్లకణాలను కనలేదు. పక్క కణాలు దానికి చక్కెర అందిస్తయి, అది వాటికి నత్రజని ఇస్తది. పైన ఉన్న జిగట మన సైజింగ్ గంజి లెక్క బూడిద రేణువులను పట్టి ఉంచుతది, తడి ఆపుతది. నాచు చచ్చినంక ఆ ఎరువు నేలకే.

అన్ని దీవులలో ఇదే వరస కాదు. ఐస్‌లాండ్ దగ్గర 1963లో సముద్రంలో నుంచి లేచిన సుర్ట్‌సే దీవిలో ఈ నాచు ఉన్నది, రాతిపాచితో కలిసి పెరిగింది. కానీ అక్కడ గడ్డి గుబురుగా పెరిగింది 1986 తర్వాత సముద్రపు పక్షులు గుంపుగా గూళ్లు పెట్టి రెట్ట వేసినంకనే.

క్రకటోవాలో 50 ఏళ్లు తిరిగేసరికి అడవి కమ్ముకుంది. చెట్ల నీడ పడ్డచోట ఆ జిగట పొర కనబడదు. మన బస్తీలకు మొదలు వచ్చిన తాతలు, అవ్వలు నాకు యాదికొచ్చిండ్రు. మగ్గం గుంట తవ్వినోళ్లు, కండెలు చుట్టినోళ్లు, వాళ్ల పేర్లు ఏ బోర్డు మీదా లేవు. ఇంట్లో ముసలివాళ్లు ఉన్నవాళ్లు ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోండి.

ఈ నాచు దూరదేశం సంగతే అనుకోవద్దు. వరి మడులలో నత్రజని చేర్చేది ఇదేనని 1939లో మన దేశపు పి.కె. డే చూపించిండు. ఊర్లో మడి చేసే చుట్టాలు ఉంటే చెప్పండి: నీళ్ల మీద పచ్చటి పొర కనబడంగనే అది చీడ అనుకొని తీసి పారెయ్యొద్దు.