బ్లాకులు లేకపోయినా గుండె అలసిపోతుంది!

షుగర్‌కీ గుండెకీ సంబంధం ఏంటని అడిగితే మన ఇళ్లలో ఎవరైనా చెప్పే మాట ఒక్కటే... ‘రక్తనాళాలు పూడుకుపోతాయి’ అని. నిజమే, కానీ అది సగం నిజం. రక్తనాళాలు శుభ్రంగా ఉన్నా, బీపీ లేకపోయినా షుగర్ నేరుగా గుండె కండరాన్నే దెబ్బతీయగలదు. దాన్ని డాక్టర్లు ‘డయాబెటిక్ కార్డియోమయోపతి’ అంటారు.

1972లో రూబ్లర్ బృందం, హార్ట్ ఫెయిల్యూర్‌తో చనిపోయిన నలుగురు షుగర్ రోగుల గుండెల్ని పరిశీలించింది. గుండె నాళాల్లో చెప్పుకోదగ్గ అడ్డంకులు లేవు. దెబ్బతిన్నది కండరమే! తర్వాత రెండేళ్లకు అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అధ్యయనం, షుగర్ ఉన్న మగవాళ్లకు హార్ట్ ఫెయిల్యూర్ ముప్పు రెండు రెట్లకు పైగా, ఆడవాళ్లకైతే ఐదు రెట్లు ఎక్కువని తేల్చింది.

ఇదంతా నేనెందుకు చదివానంటే, మా నాన్నకి పద్నాలుగేళ్లుగా షుగర్. పోయినేడాది మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. యాంజియోగ్రామ్‌లో బ్లాకులేం లేవన్నారు. ఎకో చూసిన డాక్టరు మాత్రం, ‘గుండె బాగానే పిండుతోంది, కానీ సరిగా వదులవ్వట్లేదు’ అన్నారు. ఇంటర్‌లో నాది ఎంపీసీ. బయాలజీ పదో తరగతితోనే ఆగిపోయింది. పగలు కోడ్, రాత్రి గుండె కణం... అలా కొన్ని నెలలు గడిచాయి. అర్థమైనంత వరకూ మీకు చెబుతాను.

ఇంధనం దగ్గరే తేడా

గుండె రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. దానికి శక్తినిచ్చేవి మైటోకాండ్రియాలు. గుండె కండర కణంలో సుమారు మూడో వంతు చోటు వాటిదే. ఆరోగ్యంగా ఉన్న గుండె కొవ్వు ఆమ్లాల్ని ఎక్కువగా, గ్లూకోజ్‌ని కొంత వాడుకుంటూ, అవసరాన్ని బట్టి మార్చుకుంటుంది. పెట్రోల్‌తోనూ గ్యాస్‌తోనూ నడిచే కారులాగా అన్నమాట.

ఇన్సులిన్ సంకేతం అందితే ‘గ్లూట్‌4’ అనే తలుపులు కణం పైపొరకు వచ్చి గ్లూకోజ్‌ని లోపలికి తీసుకుంటాయి. టైప్‌2 షుగర్‌లో కణం ఆ సంకేతాన్ని సరిగా పట్టించుకోదు. దాంతో గుండె దాదాపు పూర్తిగా కొవ్వు మీదే ఆధారపడుతుంది. కానీ అంతే శక్తి తీయడానికి గ్లూకోజ్ కంటే కొవ్వుకి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. పైగా కాలగా మిగిలిన కొవ్వు కణంలోనే పేరుకుని, సెరమైడ్‌ల లాంటి హానికర పదార్థాలుగా మారుతుంది. మైటోకాండ్రియాలు కూడా దెబ్బతింటాయి.

వదులవ్వడానికీ శక్తి కావాలి

నన్ను బాగా ఆశ్చర్యపరిచిన విషయం ఇది. గుండె పిండుకోవడం మాత్రమే పని, వదులవ్వడం విశ్రాంతి అనుకుంటాం కదా! కణంలోకి కాల్షియం విడుదలైతే కండరం బిగుసుకుంటుంది. మళ్లీ సడలాలంటే ఆ కాల్షియాన్ని ‘సెర్కా’ అనే పంపు తోడి లోపలి అరల్లోకి పంపాలి. ఆ పంపుకి శక్తి కావాలి. షుగర్‌లో అది నెమ్మదిస్తుంది. నాన్న ఎకో రిపోర్టులో ఆ మాటకి అర్థం నాకు అప్పుడు తెలిసింది.

ఇంకోటి, దోసె ఎర్రగా కాలడం చూశారుగా? వేడికి చక్కెరలు, ప్రొటీన్లు కలిసి జరిగే రసాయన చర్య అది. అలాంటిదే మన ఒంట్లో కూడా చాలా నెమ్మదిగా, ఏళ్ల తరబడి జరుగుతుంది. రక్తంలో చక్కెర ఎక్కువైతే అది కణాల మధ్య ఉండే కొలాజెన్ పోగులకు అంటుకుని, వాటిని ఒకదానికొకటి కట్టిపడేస్తుంది. గోడ గట్టిపడుతుంది. రక్తం నిండడం కష్టమై, ఒత్తిడి వెనక్కి ఊపిరితిత్తుల మీద పడుతుంది. అదే ఆయాసం.

మొదట్లో ఇవేవీ బయటికి తెలియవు. పంపింగ్ శాతం మామూలుగానే ఉండొచ్చు. ఎర్రర్ చూపించకుండా నెమ్మదించే ప్రోగ్రామ్ లాంటిది ఇది.

చేతిలో ఉన్నదేంటి?

2015లో వచ్చిన ఎంపా-రెగ్ అధ్యయనంలో, షుగర్‌తో పాటు గుండె, రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్లు ఎంపాగ్లిఫ్లోజిన్ వాడితే హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆస్పత్రిలో చేరడం 35 శాతం తగ్గింది. షుగర్ మందు గుండెనీ కాపాడిందన్నమాట. అయితే ఇవి అందరికీ పడవు. డాక్టరు చెబితేనే వాడాలి.

నడకకి మాత్రం చీటీ అక్కర్లేదు. కాళ్ల కండరాలు కదిలితే ఇన్సులిన్ పిలవకపోయినా గ్లూట్‌4 తలుపులు పైకొస్తాయి. మీ ఇంట్లో ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లకి ఆయాసం, కాళ్ల వాపు కనిపిస్తే వయసు మీద నెట్టేయకండి. ఎకో తీయిస్తే, ‘పంపింగ్ ఎంత’ అనే కాదు, ‘గుండె వదులవ్వడం ఎలా ఉంది’ అని కూడా అడగండి.

ఈమధ్య నేనూ పరీక్ష చేయించుకున్నాను. హెచ్‌బీఏ1సీ 5.9 వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకూ ఉంటే షుగర్‌కి ముందు దశ. నాకింకా ముప్ఫై కూడా నిండలేదు. అందుకే రాత్రి భోజనం అయ్యాక లాప్‌టాప్ తెరవట్లేదు, చెప్పులు వేసుకుంటున్నాను.