బెల్లంకొండలో చైనా జింక

చాప మీద పరిచిన ఆల్బమ్‌లో మధ్య పుటల్లో ఉందా జింక. తెల్లని ఒంటి మీద రంగు చుక్కలు, పైకెత్తిన మెడ, వెనక ఎర్రమట్టి రంగు. ఇంత చిన్న కాగితం ముక్క మీద ఆ మెడ వంపు అంత స్పష్టంగా ఎలా అచ్చయిందా అని వంగి చూడబోయాను. "చేతులు తుడుచుకో నాయనా. తడి చేత్తో ముట్టుకోబోతే మీ పెదనాన్న ఊరుకునేవారు కాదు," అంది పెద్దమ్మ. ఆయన పోయి నాలుగేళ్లయినా ఆ నియమం ఆ ఇంట్లో అలాగే ఉంది. లుంగీ అంచుకు వేళ్లు తుడుచుకుని మళ్లీ కూర్చున్నాను.

సోమవారం సంపాదకుల ఫోను వచ్చింది. అక్టోబరు 9 ప్రపంచ తపాలా దినోత్సవం కదా, స్టాంపుల సేకరణ మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు. చైనా స్టాంపులు, వాటి మీది పల్లె జీవితం, ప్రాచీన కళ అన్నది విషయం. శుక్రవారం సాయంత్రానికి కాపీ అందాలి. ఫోను పెట్టేయగానే నాకు తోచినచోటు ఒక్కటే: బెల్లంకొండ, కోట ఉన్న కొండ కనబడే ఆ పెంకుటిల్లు, అందులో పెదనాన్న ట్రంకు పెట్టె. హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి ఆయన. నాకు స్టాంపులు పరిచయం చేసిందీ ఆయనే. కాబట్టి ఈ కథనంలో నా అభిమానం దాచుకోలేను, దాచుకోను కూడా.

ఆయనకు చైనా స్టాంపులు ఎలా అబ్బాయో పెద్దమ్మ చెప్పింది. పలనాడులో ఎర్రజెండా చదువులు జోరుగా ఉన్న రోజులవి. ఆయన స్నేహితుడొకరికి పెకింగ్ నుంచి 'చైనా రీకన్‌స్ట్రక్ట్స్' అనే ఇంగ్లిషు పత్రిక తపాలాలో వచ్చేదట. చైనా నాయకురాలు సూంగ్ చింగ్‌లింగ్ పూనికతో 1952లో మొదలైన ఆ పత్రికలో స్టాంపుల మీద ఒక శీర్షిక కూడా ఉండేది. స్నేహితుడికి పత్రిక, పెదనాన్నకు దాని కవరు. కవరు చింపి గిన్నెలో నీళ్లు పోసి నానబెడితే స్టాంపు ఊడి పైకి తేలేది. పాత దినపత్రిక మడతల్లో ఆరబెట్టి, పైన నిఘంటువు బరువు పెట్టేవారు. ఇంకో సంగతి కూడా ఆయన నోటనే విన్నాను: 1950ల నాటి చైనా స్టాంపులు చాలావరకు జిగురు లేకుండానే విడుదలయ్యాయి. అంటించుకునేవాళ్లే పోస్టాఫీసులో జిగురు రాసుకోవాలి. వాడని స్టాంపు వెనక జిగురు లేదు, పాతది కాబట్టి పోయిందని ఎవరైనా బేరం తగ్గించబోతే నవ్వేవారు.

1962 తర్వాత ఆల్బమ్‌లో నాలుగు పుటలు ఖాళీ. భారత, చైనా యుద్ధం వచ్చింది, కవర్లు ఆగిపోయాయి. రెండు దేశాలూ మళ్లీ రాయబారులను పంపుకున్నది 1976లో. ఆ నాలుగు పుటలనూ తర్వాత దొరికినవాటితో నింపవచ్చు, కానీ పెదనాన్న నింపలేదు.

చరిత్ర నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. చైనా తొలి స్టాంపు 'పెద్ద డ్రాగన్' 1878లో వచ్చింది. చక్రవర్తి పోయి గణతంత్రం వచ్చాక 1913లో పడవ, కోతగాడు, విద్యాలయ ద్వారం బొమ్మలతో కొత్త వరుస విడుదలైంది. 1949 తర్వాత కమ్యూనిస్టు ప్రభుత్వం స్మారక స్టాంపులు, ప్రత్యేక స్టాంపులు అని రెండు వరుసలు నడిపింది. 1955లో పాత పది వేల యువాన్లు ఒక కొత్త యువాన్ అయ్యాయి. సాంస్కృతిక విప్లవంలో సేకరణే బూర్జువా లక్షణమని దుయ్యబట్టారు. అఖిల చైనా స్టాంపు సేకర్తల సమాఖ్య 1982లో గానీ ఏర్పడలేదు.

ఇక పల్లెల సంగతి. పల్లె బొమ్మ ఉన్న చైనా స్టాంపుల్లో నాకు నచ్చినది ఆ 1913 కోతగాడే. కొడవలి పట్టి వంగి వరి కోస్తున్న ఒక మనిషి. అతని వెనక, దూరంగా, పెకింగ్‌లోని స్వర్గాలయం. పంటలు బాగా పండాలని చక్రవర్తులు ప్రార్థనలు చేసిన చోటు అది. చివరి చక్రవర్తి గద్దె దిగింది 1912లో. మరుసటి ఏడాదికే ఆ గుడి వెనక్కి జరిగి, కోత కోసేవాడు ముందుకు వచ్చాడు. అతనికి పేరు లేదు, ముఖంలో నవ్వు లేదు, పని మాత్రం ఉంది. వరికోతలకు వంగిన నడుము చూసినవాడెవడైనా ఆ స్టాంపును నమ్ముతాడు.

1959 నాటి 'ప్రజా కమ్యూన్లు' వరుసను మాత్రం నమ్మలేను. పన్నెండు స్టాంపులు. పొలం పనులు, బడులు, పసిపిల్లల సంరక్షణ, అందరూ కలిసి తినే భోజనశాల. అచ్చు ఎంత ముచ్చటగా ఉందో! కానీ ఆ వరుస వెలువడిన ఏడాది నుంచి 1961 దాకా చైనా పల్లెల్లో కోట్ల మంది ఆకలితో చనిపోయారు. కమ్యూన్ల భోజనశాలలే ఆ కరువు నడిబొడ్డున ఉన్నాయి. పెదనాన్న ఈ పన్నెండింటినీ యువకుడిగా ఎంతో మోజుతో అంటించి ఉంటారు. ఆ పుట అడుగున, ముసలితనంలో వణికిన చేతి రాతలో, పెన్సిల్‌తో ఒకే మాట ఉంది: 'కరువు'. పక్కన ఏళ్లు వేశారు. స్టాంపులను చింపలేదు, తీసేయలేదు. నాలుగు రోజులు ఈ ఆల్బమ్ ముందు కూర్చున్నాక చెబుతున్నాను, ఇందులో నన్ను ఎక్కువసేపు ఆపిన పుట అదే.

1974 నాటి హుషియన్ రైతుల చిత్రాలు ఈ రెంటికీ మధ్యలో ఉంటాయి. షాన్‌షీ ప్రావిన్సులోని హుషియన్‌లో రైతులే గీసిన బొమ్మలని ఆరు స్టాంపులు వేశారు. అందులో లియు జిదె గీసిన 'ముసలి కార్యదర్శి' ఉంది. పని మధ్య విరామంలో రాయి మీద కూర్చున్న ముసలాయన, ఒడిలో పుస్తకం, చేతిలో అగ్గిపుల్ల. చుట్ట గొట్టం వెలిగించుకోబోయి చదువులో పడి మర్చిపోయాడు. వీటిని పూర్తిగా రైతుల సొంత చిత్రాలని ప్రపంచమంతా ప్రదర్శించారు. నగరాల నుంచి వచ్చిన శిక్షణ పొందిన చిత్రకారులు వెనక ఉండి దిద్దించారని తర్వాత పరిశోధకులు చూపించారు. అయినా ఆ అగ్గిపుల్ల దగ్గర నేను ఓడిపోతాను. చదువుతూ చదువుతూ అన్నం చల్లార్చుకున్న లెక్కల మాస్టారిని చూస్తూ పెరిగినవాణ్ణి.

చైనా అక్షరాలు రాకున్నా చదువుకోవచ్చు

1974 నుంచి 1991 దాకా విడుదలైన చైనా స్టాంపు అడుగు అంచు భూతద్దంతో చూడండి. ఎడమ మూల జె అనో టి అనో ఇంగ్లిషు అక్షరం ఉంటుంది. జె అంటే స్మారకం, టి అంటే ప్రత్యేకం. పక్కన వరుస సంఖ్య. ఆ తర్వాత 4-2 అని ఉంటే నాలుగింటిలో ఇది రెండోది. కుడి మూల సంవత్సరం. సెట్ పూర్తయిందో లేదో దీంతోనే తెలుస్తుంది. 1992 నుంచి ఏడాదితో మొదలయ్యే సంఖ్యలు వాడుతున్నారు, దేశం పేరు కూడా చైనా అని ఇంగ్లిషులో వేస్తున్నారు. ఒక హెచ్చరిక: సాంస్కృతిక విప్లవం నాటివి, 1980 నాటి ఎర్ర కోతి స్టాంపు చాలా ఖరీదైనవి, నకిలీలు విస్తారంగా ఉన్నాయి. పిల్లల జేబు డబ్బుతో వాటి జోలికి పోవద్దు.

మళ్లీ జింక దగ్గరికి. అది 1987లో విడుదలైన దున్‌హువాంగ్ కుడ్యచిత్రాల సెట్‌లోది, టి.116. గోబీ ఎడారి అంచున, పట్టు దారి మీద ఉన్న మొగావో గుహల్లో క్రీ.శ. 366లో తొలి గుహ తొలిచారని చెబుతారు. బొమ్మలతో, శిల్పాలతో ఉన్నవి 492 గుహలు. 1952లోనే చైనా వీటి మీద నాలుగు స్టాంపులు వేసింది, ఒక్కొక్కటి 800 యువాన్లు. అంత ఖరీదా అని కంగారు పడవద్దు, 1955 నాటి కొత్త లెక్కలో అది ఎనిమిది ఫెన్లు, ఒక ఉత్తరం ఖర్చు. 1987 నుంచి 1996 వరకు మరో ఆరు విడతలు విడుదలయ్యాయి.

జింక ఉన్నది 257వ గుహలో. ఉత్తర వెయి రాజుల కాలపు బొమ్మ అది. దాదాపు నాలుగు మీటర్ల పొడవు పట్టీ. కథ మాత్రం మనకు తెలిసిందే, చందమామ చదివినవాళ్లకు మరీ తెలిసింది. నదిలో కొట్టుకుపోతున్న మనిషిని జింక ఒడ్డుకు చేరుస్తుంది. నేనున్న చోటు ఎవరికీ చెప్పవద్దని మాత్రమే అడుగుతుంది. రాణికి ఆ జింక చర్మం కావాలి. బహుమానానికి ఆశపడి ఆ మనిషే రాజును అడవికి తీసుకొస్తాడు. బుద్ధుడి పూర్వజన్మ కథల్లో ఒకటైన మన రురు జాతకం అది. పాళీలో బంగారు జింక, చైనాకు చేరేసరికి తొమ్మిది రంగులది అయింది. 1981లో షాంఘై యానిమేషన్ స్టూడియో దీన్ని కార్టూన్ సినిమాగా తీసింది. అందుకే అక్కడి పిల్లలకూ ఈ జింక ఇంటి పిల్లే.

ఆ పట్టీ గీసినవాడి నేర్పు చూడండి. కథను ఎడమ నుంచి కుడికి చెప్పలేదు. ఎడమ చివర నది, ప్రాణం దక్కి మోకరిల్లిన మనిషి. కుడి చివర రాజభవనం, రాణి కోరిక, బయల్దేరిన రాజు. రెండు కొసల నుంచీ కథ నడిచి వచ్చి మధ్యలో కలుస్తుంది, జింక రాజుకు ఎదురుపడేచోట. అక్కడ జింక మోకాళ్ల మీద లేదు. నిలబడే ఉంది, మెడ ఎత్తి మాట్లాడుతోంది. మొదట నన్ను ఆపిన మెడ వంపు అదే.

అప్పుడు గుర్తొచ్చింది గోలి. రెంటచింతల మండలంలోని గోలి. 1926లో అక్కడ స్తూప శిల్పాలు బయటపడ్డాయి. ఇప్పుడవి చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. టి.ఎన్. రామచంద్రన్ 1929లో వాటి మీద ఒక పుస్తకమే రాశారు. అందులో ఒక పొడవాటి రాతి పట్టీ మీద వెస్సంతర జాతకం ఉంది. ఏనుగును, రథాన్ని, చివరికి బిడ్డలను కూడా దానం చేసిన రాకుమారుడి కథ. పట్టీలో ఒక బొమ్మ తర్వాత మరొకటిగా కథ సాగుతుంది. అదే రాకుమారుడు దున్‌హువాంగ్ 428వ గుహలో గోడ మీద రంగుల్లో ఉన్నాడు. గోలి రాయి వయసులో పెద్దది. మన పలనాటి సున్నపురాయి మీద ఉలితో చెక్కిన కథ, ఎడారి గుహలో కుంచెతో వేసిన కథ, రెండూ పట్టీలే. ఒకచోటి నుంచి నేరుగా మరోచోటికి వెళ్లిందని నేననడం లేదు. కథలు భిక్షువుల వెంట గాంధారం మీదుగా పోయాయి. కానీ చెప్పే తీరు ఒకే కుటుంబానిది.

ఇంకా దగ్గరి సాక్ష్యం నాగార్జునకొండలో దొరికింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి పద్నాలుగో ఏట, మూడో శతాబ్దంలో, బోధిశ్రీ అనే ఉపాసిక శ్రీపర్వతం మీద ఒక చైత్యగృహం కట్టించింది. సింహళ భిక్షువుల కోసం. ఆ దానం గురించిన శాసనంలో ఆ భిక్షువులు ధర్మం బోధించిన దేశాల జాబితా ఉంది: కాశ్మీరం, గాంధారం, ఆ వెంటనే చీన. తర్వాత తోసలి, వంగ, వనవాసి, యవన, దమిళ ఇంకా కొన్ని. బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో ఉన్న దాన్ని శాసన పండితుడు ఫోగెల్ చదివి ఎపిగ్రాఫియా ఇండికా ఇరవయ్యో సంపుటంలో అచ్చు వేశాడు. గురువారం రాత్రి ఆ పుట తిరగేస్తూ ఆ రెండక్షరాల మీద వేలు పెట్టుకుని కూర్చుండిపోయాను. మాచర్ల పక్కన, ఒక గృహస్థురాలి దానశాసనంలో చైనా పేరు! దున్‌హువాంగ్‌లో తొలి గుహ తొలవక ముందే.

చైనా నుంచి ఇటు వచ్చినవాళ్లూ ఉన్నారు: ఏడో శతాబ్దంలో యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ధాన్యకటకానికి వచ్చి వెళ్లాడు. 2008లో భారత, చైనా తపాలా శాఖలు కలిసి బోధ్‌గయ మహాబోధి ఆలయం, లొయాంగ్ శ్వేతాశ్వ ఆలయం బొమ్మలతో జంట స్టాంపులు వేశాయి. పెదనాన్న ఆ జంటను జింక పుట వెనకే పెట్టుకున్నారు.

ఆల్బమ్‌లో ఒక డాక్టరు

1982లో చైనా ద్వారకానాథ్ కోట్నిస్ మీద రెండు స్టాంపులు విడుదల చేసింది. 1938లో మన దేశం నుంచి చైనా వెళ్లిన అయిదుగురు వైద్యుల్లో ఆయనొకరు. 1910లో షోలాపూర్‌లో పుట్టారు. మన పద్మశాలీలు మగ్గాలు పట్టుకుని వలస వెళ్లి స్థిరపడ్డ ఊరది. యుద్ధరంగంలో గాయపడ్డవాళ్లకు శస్త్రచికిత్సలు చేస్తూ 1942 డిసెంబరు 9న అక్కడే కన్నుమూశారు. మన తపాలా శాఖ ఆయన స్టాంపు వేసింది 1993లో.

మొదలుపెట్టాలనుకునే పిల్లలకు

హెడ్ పోస్టాఫీసుల్లోని ఫిలాటెలీ విభాగంలో 200 రూపాయలతో డిపాజిట్ ఖాతా తెరిస్తే కొత్త స్టాంపులు ఇంటికే వస్తాయి. ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు చదివే సేకర్తలకు దీన్‌దయాళ్ స్పర్శ్ యోజన కింద ఏడాదికి 6,000 రూపాయల ఉపకారవేతనం ఉంది. స్టాంపులను ఆల్బమ్‌లో గోందుతో గానీ అన్నం మెతుకుతో గానీ అంటించకండి. నేను ఆరో తరగతిలో అలా పాడుచేసిన పదకొండు స్టాంపులకు పెదనాన్న కోప్పడలేదు, మళ్లీ నీళ్లలో నానబెట్టడం నేర్పారు.

శుక్రవారం పొద్దున చివరిసారి ఆల్బమ్ తెరిచాను. జింకకు ఎదురు పుటలో స్టాంపు లేదు. పొడవుగా, అడ్డంగా, పెన్సిల్‌తో గీసిన ఒక దీర్ఘచతురస్రం మాత్రం ఉంది, కొలబద్దతో గీసిన లెక్కల మాస్టారి గీతలు. లోపల చిన్న అక్షరాల్లో 'గోలి, వెస్సంతర' అని. ఎప్పటికైనా వస్తుందని చోటు ఉంచారు. స్టాంపుల కోసం ప్రతిపాదనలు మన తపాలా శాఖకు ఎవరైనా పంపవచ్చు. దరఖాస్తు రాస్తాను పెద్దమ్మా అంటే, ఆవిడ ట్రంకు పెట్టె అడుగు నుంచి ఆయన వాడిన పెన్ను తీసి, ఇంకు ఉందో లేదోనని అరచేతి మీద గీసి చూసి ఇచ్చింది.