వేలిముద్ర పడని రోజుకు జీతం లేదా? హాజరు, వేతన చీటీలపై అపోహలు – వాస్తవాలు

బరంపురం బట్టల దుకాణాల్లో, నర్సింగ్ హోముల్లో, హోటళ్ళలో, గోపాల్‌పూర్ వైపు కాంట్రాక్టర్ల కింద పనిచేసే కూలీలలో ఒక మాట చట్టమంత బలంగా పాతుకుపోయింది. హాజరు యంత్రంలో వేలిముద్ర పడకపోతే ఆ రోజు పని చేయనట్టేననీ, దానికి జీతం అడిగే హక్కు ఉండదనీ ఆ మాట. ఇది ఏ శాసనంలోనూ లేదు. అయినా దీనిని నమ్మిన ఉద్యోగి కష్టపడిన రోజు కూలిని నోరు మెదపకుండా వదులుకుంటున్నాడు, దీనినే నమ్మిన యజమాని తప్పు చేస్తున్నానన్న స్పృహ కూడా లేకుండా కోత పెడుతున్నాడు. నష్టం ఆ ఒక్క రోజుతో ఆగదు. తప్పుగా పడిన గైర్హాజరు భవిష్యనిధి నెలవారీ రిటర్నులో చందా లేని రోజుగా నమోదవుతుంది. ఈఎస్ఐలో అస్వస్థతా భృతి పొందడానికి ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా జమ అయి ఉండాలి గనుక, అప్పుడప్పుడే చేరినవారికి, మధ్యలో పని మానినవారికి ఇలా పోయిన నాలుగైదు రోజులే జబ్బు పడినప్పుడు అడ్డుగా నిలుస్తాయి.

చట్టం చెప్పేది ఇందుకు పూర్తిగా భిన్నం. ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై, బరంపురం ఉన్న గంజాం జిల్లా మద్రాసు నుంచి విడిపోయిన 1936 ఏప్రిల్ నెలలోనే వేతన చెల్లింపు చట్టం కూడా వచ్చింది. ఉద్యోగి పనిచేయవలసిన చోట లేకపోయినప్పుడు మాత్రమే గైర్హాజరు కోత చెల్లుతుందని, ఆ కోత లేకపోయిన కాలానికి తగిన నిష్పత్తిని మించరాదని ఆ చట్టం 9వ సెక్షను నిర్దేశించింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వేతనాల కోడ్, అనగా వేతనాలకు సంబంధించిన పాత చట్టాలు నాలుగింటిని కలిపిన 2019 నాటి చట్టం, ఇదే సూత్రాన్ని 20వ సెక్షనులో నిలిపింది. పదిమంది లేక అంతకు మించినవారు ముందుగా తెలియజేయకుండా, తగిన కారణం లేకుండా, కూడబలుక్కుని పని మానినప్పుడు మాత్రం ఎనిమిది రోజుల వేతనం వరకు అదనపు కోతకు వీలుంది. ఈ మినహాయింపులోనైనా, అసలు నియమంలోనైనా వేలిముద్ర ప్రసక్తి లేదు, ఎందుకంటే కోతకు ఆధారం మనిషి లేకపోవడమే తప్ప గుర్తు లేకపోవడం కాదు. యంత్రం హాజరుకు ఒక సాక్షి మాత్రమే, ఆ సాక్షి మౌనంగా ఉన్నంత మాత్రాన జరిగిన పని జరగనిదై పోదు.

ఆ సాక్షి ఎన్ని విధాల తడబడుతుందో తెలిసినవారు దాని మాటే కడమాట అనరు. సున్నం, సిమెంటు, అద్దకపు రంగులు, అంట్లు తోమే పొడులు నిత్యం తాకే చేతుల వేళ్ళపై గీతలు అరిగిపోయి ముద్ర పడదు, చెమటతో తడిసిన వేలిని కూడా యంత్రం ఒక్కోసారి నిరాకరిస్తుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు కొన్ని యంత్రాల గడియారం వెనకబడుతుంది. అన్నింటికన్నా ఎక్కువ అన్యాయం రాత్రి షిఫ్టులో జరుగుతుంది. ఒక నర్సు 14వ తేదీ రాత్రి 9:55కి వేలు పెట్టి లోపలికి వెళ్ళి, 15వ తేదీ ఉదయం 6:10కి వేలు పెట్టి బయటికి వచ్చిందనుకుంటే, అర్ధరాత్రితో రోజు ముగిసేట్టు అమర్చిన సాఫ్ట్‌వేరుకు 14వ తేదీన ఒకే ముద్ర కనిపిస్తుంది గనుక ఆ రోజును గైర్హాజరుగా చూపుతుంది. అదే నర్సు 15వ తేదీ రాత్రి 9:55కి మళ్ళీ వేలు పెట్టగానే ఉదయపు ముద్రను రాకగా, రాత్రి ముద్రను పోకగా జతచేసి ఆమె 15 గంటల 45 నిమిషాలు పనిచేసినట్టు రాస్తుంది. ఆమె వార్డులో మేలుకుని ఉన్న రాత్రి లెక్కకు రాలేదు, ఇంట్లో నిద్రపోయిన పగలు డ్యూటీగా చేరింది. షిఫ్టు అర్ధరాత్రి దాటుతుందని సాఫ్ట్‌వేరులో ఒక్కసారి అమర్చితే తీరిపోయే ఈ లోపాన్ని అలాగే ఉంచి, నెలనెలా రెండు మూడు రోజుల జీతం కోయడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

రుజువు భారం ఉద్యోగిదేనన్న నమ్మకం ఈ అపోహకు తోబుట్టువు. హాజరు పట్టీతో సహా రిజిస్టర్లు నిర్వహించి, వేతన చీటీ ఇవ్వవలసిన బాధ్యతను వేతనాల కోడ్ 50వ సెక్షను యజమానిపైనే ఉంచింది. జీతం రాలేదని, తక్కువ వచ్చిందని క్లెయిము దాఖలైనప్పుడు బకాయి చెల్లించినట్టు నిరూపించవలసింది యజమానేనని 59వ సెక్షను చెబుతున్నది. అందుచేత యంత్రం పాడైన రోజుకు వేరే నమోదు ఏదీ ఉంచని సంస్థ తన చిక్కును తానే కొనితెచ్చుకుంటున్నది.

మూడు ఆలస్యాలకు సగం రోజు కోత అన్న ఆచారమూ ఇదే కోవలోది. నెలకు 13,000 రూపాయల జీతం, 26 పనిదినాలు, రోజుకు 8 గంటలు అనుకుంటే గంటకు 62 రూపాయల 50 పైసలు పడుతుంది. మూడుసార్లు పావుగంట చొప్పున ఆలస్యమైతే పోయిన కాలం 45 నిమిషాలు, దాని విలువ సుమారు 47 రూపాయలు, కోసేదేమో 250 రూపాయలు. మిగిలిన 203 రూపాయలు గైర్హాజరు కోత పద్దు కిందికి రావు, అది జరిమానా. జరిమానా వేయాలంటే ఏయే తప్పులకు వేస్తారో ముందే ఆమోదం పొంది ప్రకటించి ఉండాలి, ఉద్యోగికి సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, మొత్తం ఆ నెల వేతనంలో 3 శాతం మించకూడదు. ఈ షరతులలో ఒక్కటీ పాటించకుండా సాఫ్ట్‌వేరులో ఒక గడి టిక్కు చేసినంత మాత్రాన కోత చట్టబద్ధం కాదు. ఇదే లెక్కలో మరొక అక్రమం దాగి ఉంటుంది. సెలవు కోతకు జీతాన్ని 26తో, ఓవర్‌టైముకు 30తో భాగించే సంస్థలు ఉన్నాయి. మొదటి లెక్కన పై ఉద్యోగి రోజు విలువ 500 రూపాయలు, రెండవ లెక్కన 433. తీసుకునేటప్పుడు ఒక కొలత, ఇచ్చేటప్పుడు మరొక కొలత వాడటాన్ని ఏ నియమమూ అనుమతించదు.

యంత్రం వచ్చాక మోసం తగ్గిందన్న యజమానుల మాటను మాత్రం కొంతవరకు ఒప్పుకోక తప్పదు. నెలాఖరున ఒక్క విడతలో గుమస్తా నింపేసే కాగితపు మస్టరుతో, ఒకరి బదులు మరొకరు చేసే సంతకాలతో పోల్చితే వేలిముద్ర మెరుగే. ఉద్యోగికి కూడా అది ఎన్నోసార్లు అండగా నిలుస్తుంది, ముఖ్యంగా గంటల కొద్దీ అదనంగా పనిచేయించుకుని కాదనే చోట. అయితే మోసం తగ్గడం వేరు, యంత్రం తప్పు చేయదనడం వేరు. ఉపాధి హామీ పనులలో కూలీల ఫోటోను రోజుకు రెండుసార్లు తీసి మొబైల్ యాప్‌లో ఎక్కించే పద్ధతి 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని పనిస్థలాలకూ తప్పనిసరి అయింది. పాత ఫోటోకే మళ్ళీ ఫోటో తీసి ఎక్కించడం, పనితో సంబంధం లేని చిత్రాలు పెట్టడం వంటి అక్రమాలు సాగుతున్నాయని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. మరోవైపు సిగ్నలు అందక ఫోటో ఎక్కని చోట నిజంగా మట్టి తవ్విన కూలీ నష్టపోకుండా, జిల్లా అధికారి అనుమతితో చేతిరాత హాజరును అంగీకరించే వీలు కూడా అదే పద్ధతిలో కల్పించవలసి వచ్చింది.

గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు వలసపోయే వేలాది కుటుంబాలలో మరో నమ్మకం ఉన్నది: మీటర్ల లెక్కన కూలి తీసుకునేవాడికి హాజరుతో పనేమిటని. పనే కొలతైనప్పుడు రోజులెందుకనడం వినడానికి సబబుగానే తోస్తుంది కాని, బోనసుకు అర్హత సంవత్సరంలో కనీసం 30 రోజుల పనిపైన, భవిష్యనిధి పింఛను పది సంవత్సరాల సర్వీసుపైన ఆధారపడతాయి. హాజరు పట్టీలో పేరే లేనివాడు మగ్గం దగ్గర గాయపడితే, తాను అక్కడ పనిచేస్తున్నట్టు చూపుకోవడమే అతని మొదటి యుద్ధమవుతుంది.

చిన్న అపోహలకు ఎక్కువ మాటలు అక్కరలేదు. బ్యాంకులో జీతం పడితే వేతన చీటీ ఇవ్వనక్కరలేదన్నది తప్పు. మొబైల్‌కు వచ్చిన చీటీ చెల్లదన్నదీ తప్పే. రాజీనామా చేసినవారి జీతం తరువాతి నెల దాకా ఆపవచ్చన్న మాట కూడా నిలవదు, పని మానిన రెండు పనిదినాలలో లెక్క తేల్చాలి.

ఈ తగాదాలలో అధికభాగం నెల ముగియకముందే తీరిపోగలవి. వేలిముద్ర పడని రోజున ఉద్యోగి అప్పటికప్పుడే సూపర్‌వైజరుకు వాట్సాప్‌లో ఒక్క వాక్యం పంపి, వచ్చిన వేళ, వెళ్ళిన వేళ సొంత డైరీలో రాసుకోవాలి. జీతం పడ్డాక పెట్టే మొరకన్నా ఆనాటి వాక్యానికి విలువ ఎక్కువ. యజమాని వైపు నుంచి, జీతాల లెక్క మూసే ముందు హాజరు జాబితాను ఉద్యోగులు చదవగలిగే చోట రెండు మూడు రోజులు అంటించి, తప్పిన ముద్రలను సరిదిద్దుకోవడానికి ఒక ఫారము పెట్టాలి; బరంపురంలో ఆ జాబితా ఇంగ్లీషులో మాత్రమే ఉంటే సగంమందికి అందదు, ఒడియా, తెలుగు కూడా ఉండాలి. వేతన చీటీలో మొత్తం రోజులు, హాజరైన రోజులు, వారపు సెలవులు, జీతంతో సెలవులు, జీతం లేని రోజులు, ఓవర్‌టైము గంటలు వేరువేరు గడులలో కనిపించాలి, అన్నీ కలిపి ఒకే అంకెగా వేస్తే ఏ రోజు పోయిందో ఎవరూ చెప్పలేరు. అడిగినా సరిచేయని సంస్థపై జిల్లా కార్మిక అధికారిని ఆశ్రయించవచ్చు. క్లెయిము వేయడానికి మూడు సంవత్సరాల గడువు ఉన్నది గనుక, కిందటి సంవత్సరం పోయిన రోజుల చీటీలను కూడా పారేయకుండా దాచుకోవాలి.