మీకు తెలుసా? బొగ్గు కూడా పూలమొక్కకు బలమే!

ఆర్కిడ్ పెంచేవాళ్లకు ఇది కొత్త కాదు. ఆ కుండీలో మట్టి బదులు తరచూ బొగ్గు ముక్కలు, పెంకులే ఉంటాయి. బొగ్గు నిండా ఉండే సన్నటి రంధ్రాలు తడిని పట్టి ఉంచుతాయి, వేళ్లకు గాలి ఆడనిస్తాయి. బయోచార్ గొప్పదనమూ ఇదే. ఎండుకొమ్మలు, కొబ్బరి చిప్పలు, పత్తికట్టె లాంటివాటిని గాలి సోకనివ్వకుండా బాగా కాలిస్తే బూడిద కాకుండా మిగిలే బొగ్గు అది.

స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో జనం తమ తోటల్లో కత్తిరించిన కొమ్మారెమ్మా తెచ్చి ఇస్తే, నగరపాలక సంస్థ 2017 నుంచి వాటిని బయోచార్‌గా మారుస్తోంది. కంకర రాళ్లతో కలిపి వీధిచెట్ల గుంతల్లో వేస్తోంది. కాల్చేటప్పుడు పుట్టే వేడి కూడా వృథా పోదు, ఇళ్లను వెచ్చబెట్టడానికి వెళ్తుంది.

మన గులాబీ, క్రోటన్ కుండీలకు పది పాళ్ల మట్టిమిశ్రమంలో ఒక పాలు బయోచార్ చాలు. అయితే తెచ్చింది తెచ్చినట్టు కలిపేయకండి. ఖాళీ బొగ్గు మట్టిలోని నత్రజనిని ముందు తానే లాగేసుకుంటుంది. మొక్క ఆకులు పసుపెక్కుతాయి. వర్మీకంపోస్టులో కలిపి, తడి ఆరకుండా రెండు వారాలు మాగనివ్వండి. పొడి లేవకుండా ముందే నీళ్లు చల్లడం మేలు, లేకపోతే ముక్కుల నిండా మసే.

బయోచార్‌కు సాధారణంగా క్షారగుణం ఎక్కువ. పుల్లనేల కోరే అజేలియాకు ఇది పడదు. నీలం హైడ్రాంజియాకు ఎక్కువగా వేస్తే పూలు గులాబీ రంగుకు తిరగొచ్చు!