శంషాబాద్‌కు రెండంతస్తుల విమానం ఎందుకు రాలేదు?

పెద్దేముల్, తాండూరు నుంచి దుబాయ్‌కో ఉమ్రాకో వెళ్లేవాళ్లు శంషాబాద్‌లోనే విమానం ఎక్కుతారు. అక్కడ రెండంతస్తుల ఏ380 మాత్రం కనిపించదు. పర్మిషన్ లేక కాదు. 2014 జనవరిలోనే కేంద్రం ఢిల్లీ, ముంబై, బెంగళూరుతో పాటు హైదరాబాద్‌కూ ఓకే చెప్పింది. 2022లో ఎమిరేట్స్ బెంగళూరుకు నడిపింది, మనకు రోజువారీ సర్వీసు ఇవ్వలేదు.

చిక్కంతా లెక్కల్లోనే. నాలుగు ఇంజిన్లు, దాదాపు 80 మీటర్ల రెక్కలు. సుమారు 500 సీట్లు నిండితే లాభం. సగం ఖాళీగా ఎగిరినా ఇంధనం బిల్లు సగం కాదు కదా! రెండు ఇంజిన్ల బోయింగ్ 777తో ఆ రిస్కు తక్కువ. పైగా భారత్–దుబాయ్ మధ్య వారానికి ఇన్ని సీట్లేనని ఒప్పందం ఉంది. పెద్ద విమానం పెడితే ఫ్లైట్లు తగ్గించాలి, ప్రయాణికులకు టైములు తగ్గుతాయి.

ఎయిర్‌బస్ 2021లో దీని డెలివరీలు ముగించింది. మొత్తం 251 అమ్ముడయ్యాయి, అందులో 123 ఎమిరేట్స్ ఒక్కటే కొంది.