ఆ బొమ్మలో ఎవరూ సంతకం పెట్టడం లేదు

జాన్ ట్రంబుల్ గీసిన స్వాతంత్ర్య ప్రకటన చిత్రాన్ని చూసినవారిలో చాలామంది, 1776 జూలై 4న అమెరికా నాయకులు సంతకాలు చేస్తున్న దృశ్యమే అదని అనుకుంటారు. వాషింగ్టన్‌లోని కాపిటల్ భవనం గుమ్మటం కింద 12 అడుగుల ఎత్తు, 18 అడుగుల వెడల్పున ఉన్న ఆ చిత్రమే రెండు డాలర్ల నోటు వెనకాలా కనిపిస్తుంది. దాంతో అపోహకూ అంత ప్రచారం వచ్చింది. బల్ల దగ్గర కాస్త నిదానించి చూస్తే విషయం తెలిసిపోతుంది. ప్రకటన ముసాయిదా తయారుచేసిన కమిటీలోని ఐదుగురు నిలబడి ఉన్నారు. వాళ్లలో పొడగరి జెఫర్సన్, కుర్చీలో ఉన్న సభాధ్యక్షుడు జాన్ హాన్‌కాక్ ముందు కాగితాలు పెడుతున్నాడు. అది జూన్ 28 నాటి ఘట్టం. సభ స్వాతంత్ర్యానికి ఓటు వేసింది జూలై 2న, ప్రకటన పాఠాన్ని ఆమోదించింది 4న. ఎక్కువమంది సంతకాలు పడింది మాత్రం ఆగస్టు 2న.

ఇది తెలిసినవాళ్లు ఒక్కోసారి రెండో అపోహలో పడతారు: మొత్తం కట్టుకథేనని కొట్టిపారేస్తారు. వాళ్ల చేతిలో ఆధారాలు లేకపోలేదు. ఆ వేసవిలో ట్రంబుల్ సైన్యంలో ఉన్నాడు, సభలో లేడు. సభ జరిగిన గది రూపానికి పదేళ్ల తర్వాత పారిస్‌లో జెఫర్సన్ జ్ఞాపకం మీద గీసిచ్చిన నమూనాయే దిక్కు. అందుకే తలుపులు తప్పుచోట ఉన్నాయి, తెరలూ కుర్చీలూ ఉన్నదానికంటే దర్జాగా కనిపిస్తాయి. బొమ్మలోని 47 మందీ ఏ రోజూ ఆ గదిలో అలా కొలువుతీరలేదు. అయితే ట్రంబుల్ పట్టుదలంతా గది మీద కాదు, ముఖాల మీద. సంతకం చేసిన 56 మందిలో చిత్రంలో ఉన్నది 42 మందే. మిగతావారి నమ్మదగిన పోలిక దొరకలేదు. ఊహించి గీయడానికి అతను ఒప్పుకోలేదు. కట్టుకథ అల్లేవాడికి పద్నాలుగు ముఖాలు కల్పించడం ఏపాటి పని? చిన్నతనంలోనే ఒక కంటి చూపు పోయిన ఈ మనిషి కమిటీ సభ్యుడు జాన్ ఆడమ్స్‌ను లండన్‌లో, జెఫర్సన్‌ను పారిస్‌లో, మిగతావారిలో చాలామందిని అమెరికా ఊళ్లు తిరిగి ఎదురుగా కూర్చోబెట్టుకుని గీశాడు. కాపిటల్ చిత్రానికి మూలమైన, యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్న తొలి చిత్రం వెడల్పు మూడడుగులు కూడా లేదు. అందులో చాలా ముఖాలు బొటనవేలి గోరుకు మించవు, అయినా ఎవరు ఎవరో గుర్తుపట్టవచ్చు.

మరి సంతకం చేసినవారిలో అప్పటికే చనిపోయిన బెంజమిన్ హారిసన్ స్థానంలో కొడుకు పోలికలు వాడుకోలేదా అంటే, వాడుకున్నాడు. తండ్రి పోలిక కొడుకులో వెతకడం నిజానికి దగ్గర కావడానికి చేసిన ప్రయత్నమే తప్ప కల్పన కాదు. సంతకం చేయని డికిన్సన్‌ను ఎందుకు చేర్చాడన్నది మరింత పదునైన ప్రశ్న. స్వాతంత్ర్య తీర్మానాన్ని సభలో గట్టిగా ఎదిరించిన వక్త అతను. అతనికి చోటివ్వడాన్ని బట్టి, చిత్రకారుడి మనసులో ఉన్నది సంతకాల జాబితా కాదనీ, ఆ వాదోపవాదాల్లో పాలుపంచుకున్న మనుషులనీ అర్థమవుతుంది. ఒక్క విషయంలో మాత్రం ట్రంబుల్‌ను వెనకేసుకురాలేం. యేల్ చిత్రం పేరులో 1776 జూలై 4 అని తేదీ ఉంది. జనాన్ని దారి తప్పించింది ఆ పేరే. ఆ పాపంలో ట్రంబుల్‌కూ వాటా ఉంది.