పండు కోయాలా? పాపను పట్టుకోవాలా?
కాఫీ కోతల వేళ గిరిజన తల్లుల అవస్థ

అరకులోయ: డిసెంబరు నెలలో ఇక్కడ పొద్దు ఏడు దాటినా కొండల మీది మంచు విడదు. రోడ్డు పక్క వలిసె చేలు పసుపు పచ్చగా పూచి ఉంటాయి. పట్నం నుంచి వచ్చినవారు కార్లు ఆపి ఆ పూలలో నిలబడి ఫొటోలు తీయించుకుంటారు. సరిగ్గా అదే వేళకు, ఆ చేల గట్ల మీదుగానే, గూడేల ఆడవాళ్లు చోడి అంబలి తాగి, బుట్టలు పట్టుకుని కాఫీ తోటలకు ఎక్కుతూ ఉంటారు. వారిలో కొందరి వీపున గుడ్డతో కట్టిన పసిబిడ్డ ఉంటుంది.

కాఫీ పండు ఒక్కసారిగా పండేది కాదు. ఒకే కొమ్మ మీద ఎర్రటి పండు, పసుపు కాయ, పచ్చి కాయ పక్కపక్కనే ఉంటాయి. ఎర్రనిది మాత్రమే ఏరి కోయాలి. నవంబరు నుంచి సంక్రాంతి దాటేవరకు అదే చెట్టు దగ్గరకు రెండు మూడు సార్లు వెళ్లాలి. కోసిన పండును ఆ రోజే తొక్క తీయాలి. ఆలస్యమైతే పులిసి గింజ రుచి చెడుతుంది. అంటే ఈ పని రేపటికి ఆగదు. పండును బరువు లెక్కన కొనే చోట, బరువు లెక్కన కూలి ఇచ్చే చోట, బిడ్డకు పాలిచ్చిన అరగంట కూడా సాయంత్రం కాటా దగ్గర తేలుతుంది.

బిడ్డను వీపున వేసుకుంటే వాలులో వంగడం కష్టం. సిల్వర్ ఓక్ చెట్టు కింద గుడ్డ పరిచి పడుకోబెడితే చీమలు, జెర్రులు, తడి నేల. ఇంట్లో వదిలితే పొయ్యి ఉంది, వాగు ఉంది. ఇంట్లో నడుం వంగిన అవ్వ ఉంటే ఆ తల్లి అదృష్టవంతురాలే. లేనివారి ఇళ్లలో ఆ బాధ్యత ఎనిమిదేళ్ల అప్ప మీద పడుతుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆ అప్పను గిరిజన సంక్షేమ ఆశ్రమ పాఠశాలలో చేర్చితే తిండి, బట్ట, చదువు అన్నీ అక్కడే. తల్లిదండ్రులకూ పిల్ల చదవాలనే ఉంటుంది. కానీ ఆమె హాస్టలుకు వెళ్లిన రోజు నుంచి ఇంట్లో చంటివాడిని ఎత్తుకునే చేతులు ఉండవు. పెద్దదాన్ని చదివిస్తే చిన్నవాడికి కాపలా లేదు. చిన్నవాడికి కాపలా పెడితే పెద్దదాని చదువు పోతుంది. కోతల నెలల్లో బడికి రాని ఆడపిల్ల ఎక్కడ ఉందని అడిగితే, చాలాసార్లు జవాబు ఆమె చంకలోనే కనిపిస్తుంది. బడి మానిపించారని తల్లిని కోప్పడటం తేలిక. ఆ తల్లి బుట్ట నింపుకుని వచ్చేవరకు ఆ చంటివాడిని ఎవరు పట్టుకోవాలో మాత్రం కోప్పడేవారు చెప్పరు.

చట్టానికి యజమాని కావాలి

ఈ సమస్య ఢిల్లీ పెద్దలకు తెలియనిది కాదు. 1951లోనే పార్లమెంటు తోట కార్మికుల చట్టం చేసింది. టీ, కాఫీ, రబ్బరు వంటి తోటల్లో 50 మంది లేక అంతకు మించి ఆడ కూలీలు ఉంటే, వారి పిల్లల కోసం యాజమాన్యమే తన ఖర్చుతో శిశు సంరక్షణ గది నడపాలని అందులో రాశారు. 1981లో దానిని సవరించారు. ఆడ కూలీల పిల్లలు 20 మంది ఉన్నా గది ఉండాల్సిందేనన్నారు. కాంట్రాక్టరు ద్వారా వచ్చిన కూలీలనూ లెక్కలో చేర్చారు. గదిలో గాలీ వెలుతురూ ఉండాలని, శుభ్రంగా ఉండాలని, పిల్లల పెంపకంలో శిక్షణ పొందిన మహిళ చూసుకోవాలని ఆ చట్టం చెప్పింది. ఆరేళ్ల లోపు పిల్లలందరికీ ఇది హక్కుగా ఉండేది. వందల ఎకరాల తోటలకు, పేరు రాసుకునే హాజరు పట్టీ, జీతమిచ్చే యజమాని ఉన్న చోటికి అది చక్కగా సరిపోయిన చట్టం.

మన్యంలో అటవీ అభివృద్ధి సంస్థకు అనంతగిరి, చింతపల్లి వైపు పెద్ద కాఫీ తోటలు ఉన్నాయి. కానీ ఈ కొండల్లో కాఫీలో ఎక్కువ భాగం అటువంటి తోటలది కాదు. పాడేరు ఐ.టి.డి.ఏ. ప్రోత్సాహంతో గిరిజన కుటుంబాలు వేసుకున్న ఎకరం, రెండెకరాల తోటలదే. అవన్నీ కలిపితే రెండు లక్షల ఎకరాలకు పైమాటే. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అంతకు రెండేళ్ల ముందే పారిస్ నగరంలో అరకు పేరుతో కాఫీ దుకాణం వెలిసింది. భూమి గిరిజనుడిదే కావడం ఎంతో గొప్ప సంగతి. అస్సాం టీ తోటలకు మన ప్రాంతం నుంచి ఒకప్పుడు కూలీలుగా తరలివెళ్లినవారికి ఈ భాగ్యం లేదు. అయితే దీనికొక మెలిక ఉంది. ఇక్కడ తల్లే యజమాని, తల్లే కూలి. శిశు గది కట్టమని ఆమె ఎవరి మీద ఫిర్యాదు చేయాలి? కోత ముమ్మరంగా ఉన్నప్పుడు ఇరుగుపొరుగు తోటలకు కూలికి వెళ్లినా, అక్కడి యజమాని కూడా ఆమెలాంటి మరో తల్లే.

1961 ప్రసూతి చట్టానికి 2017లో చేసిన సవరణ 50 మంది ఉద్యోగులున్న చోట శిశు సంరక్షణ వసతి ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసిరావచ్చని చెప్పింది. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ కూడా ఆ 50 అంకెనే ఉంచింది. ముప్పై గడపల గూడెంలో ఆ అంకె ఎప్పటికి తేలాలి?

అయిదుగురు పిల్లలుంటే ఒక ఆయా

కొండవాళ్లకు దగ్గరగా వచ్చిన నిబంధన ఒకటుంది. ఉపాధి హామీ పనులకు ప్రభుత్వమే యజమాని. పని జరిగే చోటికి ఆరేళ్ల లోపు పిల్లలు అయిదుగురు గాని, అంతకు మించి గాని తల్లులతో వస్తే, కూలీల్లో ఒక మహిళను పిల్లల్ని చూసేందుకు పెట్టాలని 2005 ఉపాధి హామీ చట్టంలోనే రాశారు. ఆమె గునపం పట్టనవసరం లేదు. కూలి మాత్రం మిగతావారితో సమానం. పలుగు పట్టలేని ముసలామెకూ ఇందులో ఒక బతుకు దారి ఉంది. చంటిపిల్లల్ని చూడటం కూడా పనే, దానికీ మస్టరులో పేరుండాలని సర్కారు కాగితం మీద ఒప్పుకున్న సందర్భాలు తక్కువ. అందులో ఇదొకటి.

చిక్కల్లా ఆ అయిదుగురు ఒకే చోటికి రావడంలో ఉంది. ఇక్కడి గూడేలు చిన్నవి, పనులు చెదురుమదురు. ఒక వాలులో ఇద్దరు పిల్లలు, అవతలి వాలులో ముగ్గురు ఉంటే లెక్క కుదరదు. లెక్క కుదిరిన చోట కూడా, అడిగితేనే వచ్చే హక్కు అడగనివారికి రాదు.

ఇక అంగన్‌వాడీ. 1975లో మొదలైన ఈ కేంద్రాల్లో ఆటపాటలు, బడికి ముందరి చదువు మూడేళ్లు నిండినవారికే. అంతకన్నా చిన్నవారికి ఇంటికి సరుకు ఇచ్చి పంపుతారు. పాలు మరిచీ మరవని బిడ్డను రోజంతా ఎత్తుకుని కూర్చోవడం కార్యకర్త పని కాదు, ఆమెకు ఉన్న పనులే తలకు మించినవి. అంగన్‌వాడీకే శిశు సంరక్షణ కేంద్రాన్ని జతచేసే ‘పాల్నా’ పథకాన్ని కేంద్రం 2022లో తెచ్చింది. ఆరు నెలల పాప నుంచి ఆరేళ్ల పిల్లవాడి దాకా అందులో చోటుంది. కోతల కాలంలో ఇటువంటి కేంద్రం కావాలని గ్రామసభలో తీర్మానం చేసి ఐ.సి.డి.ఎస్. అధికారులకు పంపడానికి ఏ గూడేనికీ అడ్డు లేదు.

ఈ కష్టం కూలి తల్లులది మాత్రమే అనుకోవద్దు. మైదానం నుంచి బదిలీపై వచ్చిన పంతులమ్మలు, నర్సులు బిడ్డను అమ్మమ్మ దగ్గర వదిలి కొండెక్కుతారు. ఆదివారం దిగి, సోమవారం తెల్లవారకముందే మళ్లీ బస్సు పట్టుకుంటారు. రాష్ట్ర ప్రభుత్వం 2022లో మహిళా ఉద్యోగుల శిశు సంరక్షణ సెలవును 180 రోజులకు పెంచింది. వారికి జీతం పోకుండా సెలవు దొరుకుతుంది. కాఫీ పండుకు సెలవు లేదు.

ఖర్చెంత అని అడిగేవారికి చిన్న లెక్క. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలు. పదిమంది తల్లులు రోజంతా నిశ్చింతగా పండు కోస్తే, వారి పిల్లల్ని చూసిన పదకొండో ఆమెకు అదే కూలి ఇవ్వాలి. తల్లి ఒక్కొక్కరికి పడేది 31 రూపాయల లోపు. అది కూడా తల్లులే ఎందుకు పెట్టుకోవాలి? పండు కొనే సంస్థలున్నాయి, గింజను దేశాలు దాటించే వ్యాపారులున్నారు. కిలోకు ఇంత అని శిశు సంరక్షణకు విడిగా తీసిపెట్టడం వారికి మోయలేని భారం కాదు. పెద్ద తోటల యజమాని 1951 నాటి చట్టం కింద మోయాల్సి వచ్చిన బరువే అది. చిన్న తోటల దగ్గర దానిని ఎత్తుకునే భుజం ఎవరిదో ఇంకా తేల్చలేదు.

సంక్రాంతి దాటాక కోతలు సన్నగిల్లుతాయి. అప్పుడు ఆ ఎనిమిదేళ్ల అప్ప మళ్లీ పలక పట్టుకుని బడికి వెళుతుంది. తమ్ముడికి అప్పటికి నడక వస్తే ఆమె వెనకే గుమ్మం దాకా వచ్చి కూర్చుంటాడు.